వేపచెట్టు వైద్యము

వైద్యునికి వ్యాధి వచ్చినపుడు ఇంటివారు రెండు విధముల ప్రవర్తింతురు. ఆయన తనకు తానే మందు వేసికొనునని కొందఱూరకుందురు. ఆయనకే వచ్చిన వ్యాధి నింకెవ్వరు కుదుర్పగలరని కొందఱు చేతులు ముడుచుకొందురు. రెండు విధములవలనను రోగికి కలుగు ప్రయోజనము సున్న. మన దేశమున వేపచెట్టు గతి యిట్లే యైనది.

పండ్లు తోముటకు పుల్ల, గజ్జికి ఆకు, గాదెలోని ధాన్యమునకు ఎండుటాకు, పైరునకు పిండియు నూనెయు, ఉగాదికి పువ్వు, ఎండకు నీడ: ఇన్ని యిచ్చిన చెట్టునకు మనమేమి యిచ్చితిమని యెవరైన నడిగినచో, బొట్టు పెట్టితిమని చెప్పవలసి వచ్చును. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీనిని రాష్ట్రవృక్షముగా ప్రకటించినది. గౌరవమునకు లోటేమియు లేదు. దగ్గఱకు పోయి చూచువారే తక్కువ. ఆ లోపము నాయందును గలదని నే నెట్లు తెలిసికొంటినో చెప్పుటకే యీ వ్యాసము.

నేను ఖమ్మము జిల్లాలో నొక చిన్న యూరి యున్నత పాఠశాలయందు తెలుగు చెప్పువాడను. వయస్సు నలువదియాఱు. సంస్కృతము శ్రద్ధగా చదివితిని. ఇంగ్లీషును పరీక్షకొఱకు మొదలుపెట్టి, పిదప రుచి మరిగి చదివితిని. మా బడి ముంగిట నున్న వేపచెట్టు బడికంటె పాతది. ముగ్గురు పిల్లలు చేతులు కలిపినగాని దాని మొదలు చుట్టునకు అందదు. ఎత్తు నలువది యడుగులకు తక్కువ యుండదు. గదులు చాలని యేండ్లలో దానిక్రింద రెండేసి తరగతులు జరిగెను. మధ్యాహ్నభోజనము నేటికిని దాని నీడనే. చదువు మానిపించిన యాడపిల్లను మరల పంపుమని తండ్రిని బ్రతిమాలుట, పరీక్ష తప్పినవానిని ఓదార్చుట, జీతము ఆలస్యమైన నెలలో మాలో మేము గొణుగుకొనుట, ఇవియన్నియు ఆ నీడకే తెలియును.

కరోనా వ్యాధివలన మూతపడిన బడులను తెలంగాణమున 2021 సెప్టెంబరు 1వ తేదీన మరల తెఱచిరి. పిల్లలను గదిలో దూరదూరముగా కూర్చుండబెట్టుట కష్టమైనందున నేను తొమ్మిదవ తరగతిని చెట్టుక్రిందికి తెచ్చితిని. ఒకనాడు పాఠము చెప్పుచు తలయెత్తి చూచితిని. కొమ్మల కొనలు మాడియుండెను. నిప్పుసెగ తగిలినట్లు లేతకాడలు గోధుమవన్నెకు తిరిగి క్రిందికి వ్రేలాడుచుండెను. ఆకులు రాలక, కొమ్మనే యంటిపెట్టుకొని యెండియుండెను. వారము దినములలో ఆ యెండు శిఖరమునుండి నడుమకు దిగెను. చెఱువుగట్టున, గుడియొద్ద, దారిపొడవునను చూతును గదా, వేపలన్నియు నట్లే యున్నవి. ఆ యేడు తెలంగాణమందంతటను, ఆంధ్రమున పలుచోట్లను, వేపలకు ఈ దుస్థితి పట్టినదని పత్రికలు వ్రాసెను.

ఊరిలో నానావిధములైన మాటలు పుట్టెను. కరోనా చెట్లకును సోకినదని యొకరనిరి. సెల్‌ఫోను స్తంభముల ప్రభావమని వేఱొకరనిరి. బడి వెనుకయింటి ముసలమ్మ బిందెడు నీళ్లు తెచ్చి చెట్టు మొదట పోసి, పసుపుకుంకుమలు చల్లి, "అమ్మవారికి కోపం వచ్చింది పంతులూ. నువ్వేం ముట్టుకోకు. తానే చల్లబడుతుంది" అని నన్ను హెచ్చరించెను. నేను నవ్వితిని. ఆ నవ్వులో నెంత గర్వముండెనో యిప్పుడు తలచుకొన్నచో సిగ్గు కలుగును.

ఆ రాత్రి వరాహమిహిరుని బృహత్సంహిత తీసితిని. ఆఱవ శతాబ్దమునాటి యా జ్యోతిశ్శాస్త్రవేత్త వృక్షాయుర్వేదమని ప్రత్యేకముగా నొక యధ్యాయమును వ్రాసెను. ఆకులు పాలిపోవుట, చిగుళ్లు పెరుగకుండుట, కొమ్మలెండుట, రసము కారుట చెట్టు రోగమునకు లక్షణములనియు, చలియు గాలియు నెండయు కారణములనియు అతడు చెప్పెను. చికిత్సలో మొట్టమొదటిది చెడిన భాగమును శస్త్రముతో తొలగించుట. పిదప వాయువిడంగములు, నేయి, బురద కలిపి పూయుట. పాలు కలిపిన నీరు పోయుట. నాలుగు లక్షణములలో మూడు మా చెట్టునకు సరిపోవుట చూచి పొంగిపోతిని. నాలుగవదైన రసస్రావము కలదో లేదో దగ్గఱకు పోయి చూడవలెనని మాత్రము తోచలేదు. చూచియుండినచో లేతకాడలపై జిగురుబొట్లు కనబడియుండెడివి. వానిని పట్టుకొని పోయినచో అసలు దొంగ ఆనాడే దొరకియుండెడివాడు.

మఱునాడు ప్రొద్దుట చెట్టు మొదట ఎఱ్ఱచీమలు బారులు తీరి యెక్కుచు దిగుచుండెను. ఆకులను దారముతో కుట్టినట్లు కలిపి గూళ్లు కట్టుకొను చీమలవి. కఱచినచో మంట యింతింత గాదు. ఎండుచున్న చెట్టు, దానిపై చీమలు. ఇక సాక్ష్యమేల? కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు నొక్కసారి జరిగినంతమాత్రమున కాకి కారణము కాదని మన తార్కికులు చెప్పిన కాకతాళీయ న్యాయమును పిల్లలకు ఏటేట బోధించువాడను నేనే. అయినను అంగడికి పోయి చీమలమందు రెండు పొట్లములు కొని తెచ్చి, చెట్టు మొదట వలయముగా చల్లితిని. గడకఱ్ఱతో గూళ్లు రాల్పించి కాల్పించితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. వారము గడచెను. చీమ యొక్కటియు లేదు. చెట్టు మాత్రము మునుపటికంటె వేగముగా నెండుచుండెను. చీమలు పోవుటవలననే వేగము హెచ్చినదని నేననజాలను. అన్నచో నదియును కాకతాళీయమే. కాని నేను చల్లిన మందువలన మేలు జరుగలేదన్నది స్పష్టము.

ఆ తరగతిలో వెనుకవరుసను కూర్చుండు పిల్లవాడొకడు కలడు. వాని యమ్మమ్మగారిది అశ్వారావుపేట ప్రక్కనున్న పల్లె. అక్కడ వారికి జీడిమామిడితోట కలదు. బడులు మూసియున్న కాలమంతయు వాడు తోటలోనే గడపెను. సంధి విడదీయుట రాదని నేను వానిని పలుమాఱులు విసుగుకొంటిని. ఒకనాడు వాడు గంటకు ముందే వచ్చి, వాలియున్న క్రిందికొమ్మను వంచి పట్టుకొని నన్ను పిలిచెను.

"చీమలు కాదు మాస్టారూ. ఇది టీ దోమ. మా తోటలో పూతంతా ఇదే మాడ్చేస్తది."

"దోమ చెట్టును ఎండబెడుతుందట్రా?"

"పేరంతేనండీ, దోమ కాదు. ఎండెక్కకముందు చూడాలి. చప్పుడైతే కాడ వెనక్కి పోతది."

సామాన్యశాస్త్రపు గదినుండి భూతద్దము తెప్పించితిని. ఆ పురుగు పొడవు ఏడెనిమిది మిల్లీమీటర్లు మించదు. సన్నని దేహము, నల్లని తల, ఎఱ్ఱని వక్షము, నలుపు తెలుపు కలసిన పొట్ట, ఒంటికంటె పొడవైన మీసములు. వీపుమీద గుండుసూది గ్రుచ్చినట్లు, కొనయందు చిన్న గుండుగల ముల్లొకటి నిలువుగా నుండెను. ఈ గుండుసూదియే దాని ముఖ్యమైన గుర్తు. ఱెక్కలు రాని పిల్లపురుగులు ఎఱ్ఱగా, సన్నగా, దూరమునకు చీమలవలెనే యున్నవి. అనగా నేను చీమలని తలచినవానిలో కొన్ని చీమలే కాకపోయి యుండవచ్చును.

ఇది నల్లికుటుంబమునకు చేరిన పురుగు. తేయాకుతోటలను పాడుచేయుటచేత తేయాకు దోమ యను పేరు వచ్చినది. శాస్త్రజ్ఞులు హెలొపెల్టిస్ ఆంటోని యందురు. తేయాకేగాక జీడిమామిడి, జామ, కోకో, వేప దీనికి ప్రియములు. సూదివంటి మూతిని లేతకాడలో గ్రుచ్చి రసము పీల్చును. పీల్చుటకంటె కీడు దాని లాలాజలమువలన కలుగును. ఆ విషము తగిలినచోట కాడ నీరుకారి నల్లబడి, జిగురు స్రవించి, కొన యెండిపోవును. ఒకచోట కుదురుగా నుండక కాడ కాడను గ్రుచ్చుకొనుచు పోవుటచేత కొన్ని పురుగులే కొమ్మనంతయు మాడ్పగలవు. గ్రుడ్లను కాడలోనికి దూర్చి పెట్టును; వెండ్రుకలవంటి రెండేసి పోగులు మాత్రమే బయటకు కనబడును. పిల్లవాడు వానిని గోటికొనతో చూపగా నేను భూతద్దముతో చూచితిని. ఆనాడు గురువెవరో శిష్యుడెవరో చదువరులే నిర్ణయింతురు గాక.

ఆ కాడలను కాగితములో చుట్టుకొని మండల వ్యవసాయాధికారి యొద్దకు పోతిని. ఆయన చూచి, పురుగు ఒక్కటే కాదనెను. రాజేంద్రనగరములోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ యెండునకు మఱియొక కారణము చెప్పిరట. అది ఫొమాప్సిస్ అజాడిరాక్టే యను శిలీంధ్రము, అనగా బూజుజాతిది. వర్షకాలపు తేమలో నిది లేతకొనలను పట్టి, అచటినుండి క్రిందికి దిగును. పూతకొమ్మల కెక్కినచో కాపు పోవును. ఎండిన పుల్లలలో నిలువయుండి, మఱుసటి వానలకు మరల లేచును. పురుగు కాడకు గాయము చేయును; శిలీంధ్రమునకు గాయమే గుమ్మము. రెండును కూడినపుడు చెట్టు కాల్చివేసినట్లగును. పురుగును మాత్రమే చంపినచో తెగులు మిగులును. తెగులునకు మాత్రమే మందు వేసినచో పురుగు క్రొత్త గాయములు చేయును. కావున రెంటిని విడివిడిగా గుర్తింపవలెను. వరాహమిహిరునికి భూతద్దము లేదు; శిలీంధ్రము సంగతి తెలియదు. అయినను చెడినకొమ్మను ముందు కోయవలెనన్న యాయన మాట నేటి శాస్త్రజ్ఞుడును మొదటనే చెప్పుచున్నాడు. మిగిలిన నేయి, పాలు పిల్లలకు పోయుట మేలు.

ఆ దినమునుండి చెట్లను చూచుట కొంత నేర్చుకొంటిని. పెరటిలోనో వీథిలోనో పెద్దచెట్టు గలవారికి పనికివచ్చు నను నమ్మకముతో నా తెలిసికొన్నది చెప్పుదును.

మొదట చెట్టు ఎచ్చటనుండి యెండుచున్నదో చూడవలెను. కొనలనుండి యెండు దిగుచున్నచో లేతకాడలను పరీక్షింపవలెను. ఒక్క కొమ్మ మాత్రమే యెండినచో ఆ కొమ్మ చెట్టు నంటిన పంగయొద్ద చూడవలెను. అక్కడ పట్టుదారములతో బెరడుపొట్టును పురుగుపెంటను కలిపి నేసిన గోధుమవన్నె గొట్టములున్నచో అది బెరడు తినెడి గొంగళిపురుగు పని. మామిడి, జామ, సరుగుడు మొదలగువానికిని ఇది తఱచుగా పట్టును. రాత్రివేళ బయటికి వచ్చి, ఆ గొట్టము మాటున బెరడు తినును. పగలు రంధ్రములో దాగును. గొట్టములను చీపురుతో తుడిచివేసి, రంధ్రములో తీగ దూర్చి పురుగును చంపి, మట్టితో మూసినచో చాలును. చెట్టంతయు మందుతో తడుపవలసిన పని లేదు.

చీమలు కనబడినచో వెంటనే చంపక, అవి యెక్కడికి పోవుచున్నవో చూడవలెను. చెట్టుక్రింది నేలయు ఆకులును జిగటగా నుండి, ఆకులపై మసి పూసినట్లు నలుపున్నచో పైన పిండినల్లియో పొలుసుపురుగో కలదన్నమాట. అవి విసర్జించు తీపిరసముకొఱకు చీమలు వానిని పశువులవలె కాయును. అపుడు చీమలదారిని తెంచి, అందినంతవఱకు నీళ్లధారతోనో సబ్బునీటితోనో కడుగుట యుక్తము. జిగటయు మసియు లేనిచో ఆ చీమలు వేటకు వచ్చినవై యుండవచ్చును. నేను కాల్పించిన గూటిచీమలు అట్టి వేటగాండ్రు. ఆస్ట్రేలియా జీడితోటలలో ఈ దోమకు దగ్గఱి చుట్టమైన పురుగును ఈ చీమజాతియే యదుపుచేయునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చీనాదేశమున నారింజతోటలవారు ఈ చీమలగూళ్లను తెచ్చి చెట్లకు కట్టుకొనుట వేయియేండ్లకు పైబడిన యాచారము. వారు డబ్బిచ్చి కొనుక్కొన్న కావలివారిని నేను డబ్బిచ్చి మందు తెచ్చి చంపితిని.

మ్రానుపై చెదలమట్టి కనబడినచో చాలమంది చెట్టు పోయినదని నిశ్చయింతురు. ఆ మట్టిని గీకి చూడవలెను. చెద తఱచుగా పైనున్న చచ్చిన బెరడునే తినును. లోని కలప గట్టిగా నున్నచో భయము లేదు. తట్టినపుడు బోలుగా మ్రోగినచో జాగ్రత్తపడవలెను. కొన్ని చెట్లకు పురుగును తెగులును లేకయే యెండు వచ్చును. మొదటిచుట్టు సిమెంటు పోసి ఊపిరాడనీయకుండుట, గొట్టములకొఱకు వేళ్లు నఱకుట, మొదట చెత్త కాల్చుట దానికి కారణములు. అట్టి రోగమునకు మందు మన చేతిలోనే యున్నది.

అన్నిటికంటె తేలికైన పరీక్ష గోటితో చేయునది. ఎండినదనుకొన్న కొమ్మను కొంచెము గీకి చూడుడు. పైపొరక్రింద పచ్చదన మున్నచో కొమ్మ బ్రతికియున్నది. గోధుమవన్నెగా, పొడిగా నున్నచో అంతవఱకు పోయినది. ఎచ్చట పచ్చదనము మొదలగునో దానికి కొంచెము దిగువను కోయవలెను.

ఇంత మందుచెట్టునకు పురుగేల పట్టెనని నన్ను పలువు రడిగిరి. నేనును అదే యడుగుకొంటిని. 1959లో సూడాను దేశమున మిడుతలదండు పచ్చనిదంతయు తినివేసి వేపను మాత్రము విడిచిపోవుట ష్ముట్టరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చూచెను. 1968లో వేపగింజనుండి అజాడిరాక్టిన్ అను పదార్థమును వేఱుచేసిరి. వేపనూనెతో శిలీంధ్రములను అణచు పద్ధతిపై 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయము ఒక యమెరికా సంస్థకును ఆ దేశపు వ్యవసాయశాఖకును హక్కు లిచ్చెను. అది మా తాతలెఱిగిన విద్య యని మనవారు వాదించిరి. 2000లో ఆ హక్కు రద్దయ్యెను. 2005లో అప్పీలును కొట్టివేసిరి. ఆ విజయమునకు మనమందఱము సంతోషించితిమి. శిలీంధ్రమును చంపునని మనము వాదించి గెలిచిన చెట్టునే శిలీంధ్రము ఎండించుట చూచినపుడు ఆశ్చర్యము కలుగుట సహజము. కాని అజాడిరాక్టిన్ ముఖ్యముగా గింజలో నుండును, ఆకులలో స్వల్పము. పలురకముల పురుగులకు విషమైనది అన్నిటికిని విషము కానక్కఱలేదు. చెట్టు తనకు తెలిసిన శత్రువులకు కవచము తొడిగికొన్నది. ఆ కవచమునకు సందులు లేవని చెప్పినది మనమే; చెట్టు చెప్పలేదు.

ఇచట నా యింటి సంగతి యొకటి చెప్పవలసియున్నది. నాకొక చెల్లెలుండెను. నాకు ఏడేండ్లపుడు దానికి నాలుగేండ్లు. దానికి తట్టు పోసినది. అమ్మవారు వచ్చినదని గుమ్మమునకు వేపమండలు కట్టిరి. పక్కమీద వేపాకు పఱచిరి. మందు వాడినచో తల్లి కోపించునని వైద్యుని పిలువలేదు. దేశమున సార్వత్రిక టీకా కార్యక్రమము 1985లో మొదలైనది. తట్టునకు టీకా అందులో నుండెను. అది మా యింటి గడపవఱకు రాలేదు. మూడవదినము రాత్రి దాని కూపిరి కష్టమయ్యెను. డొక్కలెగురుచుండెను. మా యమ్మ దీపము దగ్గఱకు తెచ్చి చూడబోగా, దీపము వెలుగు తగులరాదని పెద్దవారు వారించిరి. తెల్లవాఱునప్పటికి లేదు. వేపాకు దానిని చంపలేదు. దాని ఱొమ్ము నెవరును చూడకుండ అడ్డుగా నిలిచినది వేపాకుపై మాకున్న నమ్మకము.

అప్పటినుండి నేను మ్రొక్కుబడులకు విరోధినైతిని. ముసలమ్మ పసుపునీళ్లను చూచి నవ్విన నవ్వులో ఆ చెల్లెలి జ్ఞాపకము కలదు. కాని చీమలమందు పొట్లము చేతబట్టుకొని నేను చేసినదేమి? మా పెద్దలు భక్తిచేత చూడలేదు. నేను శాస్త్రమెఱిగినవాడనను ధీమాచేత చూడలేదు. చూడకపోవుటలో మేమందఱ మొక్క యింటివారమే.

ఇంతలో బడి సంఘమువారు చెట్టు కొట్టింపవలెనని తీర్మానించిరి. వారి భయము నిరాధారము కాదు. ఎండినకొమ్మ విఱిగి పిల్లలపై పడినచో బాధ్యు లెవరు? కలపవర్తకుడొకడు వెలకూడ చెప్పియుండెను. నేను వారిని చెట్టుక్రిందికి తీసికొనిపోయి, నిచ్చెన వేయించి, కొమ్మకొమ్మను వారియెదుట గీకి చూపితిని. కొనలు ఎండియున్నవి. దక్షిణపు పెద్దకొమ్మ మొదటివఱకు పోయినది. మిగిలిన పెద్దకొమ్మలన్నియు పైపొరక్రింద పచ్చగా నున్నవి. పోయిన కొమ్మను వెంటనే తీసివేయుదము. చెట్టునకు ఉగాదివఱకు గడువిండని కోరితిని. వారంగీకరించిరి.

కత్తి పెట్టుటకు ముందు ముసలమ్మ యింటికి పోతిని. ఆమె మనస్సు నొప్పించుట నాకిష్టము లేదు.

"చెట్టుకు రోగం వచ్చిందమ్మా. ఎండిన కొమ్మలు కోయాలి. ముట్టుకోవద్దన్నారు కదా, అడిగి పోదామని వచ్చాను."

ఆమె నావైపు కొంతసేపు చూచెను.

"ముట్టుకోవద్దన్నాను గానీ చూడొద్దన్నానా పంతులూ? వానలు మొదలైన కాణ్నుంచి కాడలకు జిగురు కారుతూనే ఉంది. రోజూ నీళ్లు పోస్తూ చూస్తూనే ఉన్నా. నువ్వడిగితే చెప్పేదాన్ని."

నాకు నోట మాట రాలేదు. వరాహమిహిరుని నాలుగవ లక్షణము ఆమెకు తెలిసియుండెను. ఆమె చూచినదానికి అర్థము అమ్మవారి కోపమని చెప్పుకొనెను. నేను చూడకుండనే చీమలని చెప్పుకొంటిని. ఇద్దఱిలో నెవరు సత్యమునకు దగ్గఱగా నుండిరో చెప్పుట కష్టము.

దసరా సెలవులలో పని జరిగెను. ఎండిన కొమ్మలను పచ్చదనమువఱకు కోయించి, పుల్ల మిగులకుండ పోగుచేసి బయట బీటిలో కాల్పించితిమి. అధికారి చెప్పిన మోతాదున, క్రిందికొమ్మలకు మొదట కార్బెండజిమ్ అను శిలీంధ్రనాశనిని, కొన్ని దినముల పిదప పురుగుమందును పిచికారి చేయించితిమి. చెట్టు కొనవఱకు మందు చిమ్ముటకు నే నొప్పుకొనలేదు. నలువది యడుగుల యెత్తున చిమ్మిన మందు గాలికి కొట్టుకొని వచ్చి ఇరుగుపొరుగు బావులలోను, ఆరవేసిన బట్టలపైనను పడును. అధికారియు నా మాటను కాదనలేదు. వేప మొండిచెట్టనియు, వేళ్లు బాగున్నచో తానే చిగిర్చుననియు ఆయన చెప్పెను. ఆ పిమ్మట చేయవలసినది ఓపిక పట్టుట. మందు చల్లుటకంటె నది నాకు కష్టమైనది.

మాఘమువఱకు చెట్టు అస్థిపంజరమువలె నిలిచెను. సంఘమువారిలో నొకరు దారిని పోవుచు నావైపు చూచి తల యాడించుచుండిరి. ఫాల్గుణమున మొదట పడమటికొమ్మపై రాగివన్నె చిగురు కనబడెను. 2022 ఏప్రిల్ 2వ తేదీన శుభకృత్ ఉగాది. ఆ ప్రాతఃకాలమున నేనును ఆ పిల్లవాడును చెట్టునంతయు వెదకి, పచ్చడికి దోసెడు పువ్వు సంపాదించితిమి. సగము ముసలమ్మకిచ్చి వచ్చితిని. ఆ సంవత్సరము చెట్టు కొట్టుడుపడలేదు. దక్షిణమున కొమ్మ లేదు గనుక మధ్యాహ్నము భోజనపు వరుస నిప్పటికిని కొంచెము ప్రక్కకు జరుపుకొందుము. మఱుసటి యేడు గూటిచీమలు తమంతట తామే తిరిగి వచ్చెను. కఱచుచున్నవని పిల్లలు మొఱపెట్టుకొన్నను వానిజోలికి పోలేదు.

ఆ తెగులు తరువాతి యేండ్లలోను అక్కడక్కడ తల యెత్తుచునేయున్నది. కావున వానలు వెనుకబట్టినపుడు ఒక ప్రొద్దుట, ఎండ యెక్కకముందు, తరగతి నంతయు చెట్టుక్రింద నిలిపి, కాడలను చూపి, కనబడినది కనబడినట్లు వ్రాయుమందును. కారణము వ్రాయవలదందును. కారణములు చెప్పుటకు మనలో నందఱును సిద్ధముగనే యుందురు.

చదువరులారా! మీ వాకిట వేపయో, కానుగయో, చింతయో యుండియే యుండును. దానిక్రింద కూర్చుండి యీ వ్యాసము చదువుచున్నచో, ఒక్కసారి లేచి దాని లేతకొమ్మ నొకదానిని వంచి చూచి రండు. మందు సంగతి ఆ పిమ్మట నాలోచింతము.